కాఫీ డబ్బాలో మొదలైన సంఘం

మొన్న శనివారం గాషే పోయిన నలభయ్యో రోజు. వాషింగ్టన్ పక్కన సిల్వర్ స్ప్రింగ్‌లో చర్చి కింద ఉన్న హాల్లో పెట్టారు. నేను వెళ్లేసరికి భోజనాలు అయిపోయాయి. ఒక మూలన నేల మీద పచ్చగడ్డి పరిచి, చిన్న స్టవ్ ముందు కూర్చుని ఒకామె పచ్చి కాఫీ గింజలు వేయిస్తోంది. గింజలు నల్లబడి చిటపటలాడుతుంటే పెనాన్ని పొగతో సహా ఎత్తి, కూర్చున్న ఒక్కొక్కరి ముందుకూ తెచ్చింది. ఆ పొగను చేత్తో ముఖం మీదికి తోసుకోవాలి. అది ఇథియోపియావాళ్ల మర్యాద. నేనూ తోసుకున్నాను.

ముప్పయ్యేళ్ల కిందటి పార్కింగ్ గ్యారేజీ, దాని పెట్రోలు వాసన, టికెట్ల మీద టైము కొట్టే మిషను 'ఠక్' మనే చప్పుడు, అన్నీ ఆ పొగ వెంటే వచ్చాయి.

గాషే అంటే పేరు కాదు. ఇథియోపియాలో పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవరు. మనం బాబాయి, పెదనాన్న అన్నట్టు మగవాళ్లని గాషే అంటారు. ఆయన్ని మాత్రం ముందూ వెనకా ఏమీ లేకుండా అందరూ ఉత్త గాషే అనేవారు. నేనూ అదే అన్నాను. ఆయన నన్ను 'లిజే' అనేవారు. 'నా బిడ్డా' అని.

* * *

మాది హనుమకొండ. బీకాం చదివాను. పెళ్లయి అమెరికా వచ్చాక గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఇంట్లోనే ఉన్నాను. కార్డు వచ్చాక దొరికిన మొదటి పని వాషింగ్టన్‌లో, కె స్ట్రీట్ దగ్గర ఒక పార్కింగ్ గ్యారేజీలో లెక్కలు రాయడం. భూమి కింద మూడంతస్తులు. మొదటి అంతస్తులో, ర్యాంపు పక్కన అద్దాల గది నాది. పొద్దున కార్లు దిగేటప్పుడు టైర్లు కీచుమనేవి. మధ్యాహ్నం ఎంత నిశ్శబ్దమంటే ట్యూబ్‌లైటు గుయ్యిమనడం కూడా వినపడేది.

అక్కడ వచ్చిన కార్లు తీసుకెళ్లి పెట్టే పనివాళ్లు దాదాపు అందరూ ఇథియోపియా వాళ్లే. ఒకాయన బడిపంతులు. ఒకాయన కోర్టులో గుమాస్తా. ఒక కుర్రాడు యూనివర్సిటీ రెండో ఏట్లో ఉండగా పారిపోయి వచ్చినవాడు. 1974లో చక్రవర్తిని దించేసి సైనికులు గద్దెనెక్కారని, 1977, 78ల్లో చదువుకున్న పిల్లల్ని వీధుల్లో కాల్చి చంపారని, రాత్రిళ్లు నడిచి సూడాన్ సరిహద్దు దాటామని, 1980లో అమెరికా శరణార్థుల చట్టం చేశాక ఇక్కడికి వచ్చామని, ఈ కథంతా నాకు ఒక్కరోజులో తెలియలేదు. లంచ్ టైముల్లో, కారుకీ కారుకీ మధ్య, ముక్కలుగా తెలిసింది. వాళ్లు కథలాగా చెప్పేవాళ్లు కాదు. "మా తమ్ముడు ఉండేవాడు" అని మొదలుపెట్టి, ర్యాంపు మీద హారన్ మోగగానే లేచి వెళ్లిపోయేవాళ్లు.

గాషే మొదటి రోజే నన్ను చూసి "హింద్?" అని అడిగారు. అవునన్నాను. ఆయన నిలబడ్డారు. ఇథియోపియాలో వాళ్ల ఊరు డెస్సీలో బడికి వెళ్లినప్పుడు ఆయనకి లెక్కలు చెప్పింది ఇండియా నుంచి వచ్చిన మాస్టారట. చక్రవర్తి హైలే సెలాసీ కాలంలో మనవాళ్లు, అందులో ఎక్కువమంది మలయాళీలు, వందల సంఖ్యలో అక్కడ బడుల్లో పాఠాలు చెప్పారు. ఆ వయసు చదువుకున్న ఇథియోపియన్లలో ఇండియన్ టీచర్ దగ్గర చదివినవాళ్లు చాలామంది. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దాయన నాముందు నిలబడి మాట్లాడుతుంటే ఇబ్బందిగా ఉండేది. కూర్చోమని బతిమాలగా బతిమాలగా కూర్చున్నారు.

ఒకరోజు పార్కింగ్ టికెట్టు వెనక ఆయన వాళ్ల అక్షరాలు రాసి చూపించారు. లె, లు, లీ, లా, లే, ల్, లో. అదే ల, చిన్న కొమ్ము, చిన్న తోక, ఒక కాలు పొడుగు. నేను టికెట్టు లాక్కుని పక్కన ల, లా, లి, లీ, లు, లూ రాశాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. గుణింతం! ముప్పయిమూడు అక్షరాలు, ఒక్కోదానికి ఏడు రూపాలు. మూడో క్లాసులో పలక మీద నేను దిద్దిందీ, డెస్సీలో ఆయన దిద్దిందీ ఒకలాంటి చదువే. ఆ టికెట్టు చాలా ఏళ్లు నా పర్సులో ఉండేది.

* * *

ఆ చలికాలంలో మూడో అంతస్తులో పనిచేసే కుర్రాడు ఒకడు చనిపోయాడు. నిండా ఇరవయ్యారేళ్లు లేవు. రాత్రి డ్యూటీలో గుండె నొప్పన్నాడు, తెల్లారేసరికి లేడు. ఒక గదిలో నలుగురు అద్దెకుండేవాళ్లు. ఆ నలుగురిలో చుట్టం ఒక్కడూ లేడు.

శవం పదకొండు రోజులు మార్చురీలో ఉంది. ఎవరు సంతకం పెట్టాలి? ఎవరు తీసుకెళ్లాలి? గదిలోవాళ్లకి సొంత కాగితాలే ఇంకా తేలలేదు, ఆఫీసులంటే భయం. ఊళ్లో వాళ్లమ్మ ఉంది. ఫోను ఉన్న ఇల్లు ఆమెకి దూరం. శవాన్ని దేశం దాటించాలంటే డెత్ సర్టిఫికెట్ కావాలి, శవాన్ని పాడవకుండా చేసినట్టు ఫ్యూనరల్ హోం కాగితం కావాలి, సీలు వేసిన పెట్టె కావాలి, ఎంబసీ ఉత్తరం కావాలి. అప్పటికి వాషింగ్టన్ నుంచి ఇథియోపియన్ విమానం లేదు. యూరప్‌లో దింపి ఇంకో విమానం ఎక్కించాలి. ఒక్కో కాగితానికీ ఒక్కో కౌంటరు, ఒక్కో చెక్కు.

గాషే గ్యారేజీలో ఉన్న ఎర్ర ఫోల్జర్స్ కాఫీ డబ్బా కడిగి, ఆరబెట్టి, మూతకి చాకుతో గాటు పెట్టారు. డ్యూటీ దిగాక ఆ డబ్బా పట్టుకుని గ్యారేజీ గ్యారేజీకీ తిరిగారు. హోటళ్ల వంటగదుల వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. నేషనల్ ఎయిర్‌పోర్టులో టాక్సీలు వరసలో ఆగే చోటికి వెళ్లారు. రోజూ పొద్దున డబ్బా నా టేబుల్ మీద పెట్టి "రాయి లిజే" అనేవారు. అట్ట పచ్చగా ఉన్న లెడ్జరొకటి కొని రాశాను. ఎవరు, ఎక్కడ పని, ఎంత. పేరు చెప్పనివాళ్లు ఉంటే 'ఒక సోదరుడు' అని రాయమన్నారు.

ఆ కుర్రాడు ఇల్లు చేరాడు. లెక్క తేల్చితే డబ్బాలో 214 డాలర్లు మిగిలాయి. ఎవరిది వాళ్లకి తిరిగి పంచుదామా అని అడిగాను. గాషే మూత పెట్టేసి "ఇది తర్వాతివాడిది" అన్నారు.

ఆ గదిలో అప్పుడు తొమ్మిదిమందిమి ఉన్నాం. ఎవరూ మాట్లాడలేదు.

* * *

వాళ్ల దేశంలో దీన్ని ఇద్దిర్ అంటారని తర్వాత తెలిసింది. వీధికో ఇద్దిర్ ఉంటుంది. నెలనెలా కొంత కట్టాలి. ఇంట్లో చావొస్తే గుడారం, బెంచీలు, పెద్ద గిన్నెలు ఇద్దిర్‌వే. ఖర్చు ఇద్దిర్‌దే. కానీ డబ్బు కట్టేసి ఊరుకుంటే కుదరదు. మనిషి రావాలి. సమాధిదాకా నడవాలి, చావింట్లో మూడు రోజులు కూర్చోవాలి. రానివాళ్లకి జరిమానా. తెల్లవారుజామున ఒకడు బూర ఊదుకుంటూ సందుసందునా తిరిగి, ఫలానా ఇంట్లో ఫలానావాళ్లు పోయారని చెబుతాడు. మా ఊళ్లో డప్పు చాటింపు గుర్తొచ్చింది. చీటీల్లాంటిదీ ఉంది, దాన్ని ఎకుబ్ అంటారు. మన చీటీలాగే నెలకొకరికి మొత్తం. కానీ అందులో చేరాలంటే చేతిలో నాలుగు డబ్బులుండాలి. ఇద్దిర్‌కి అంత అక్కర్లేదు, ఎప్పటికైనా చనిపోయే మనిషైతే చాలు. గాషే ఇది నవ్వకుండా చెప్పేవారు.

అలా పార్కింగ్ గ్యారేజీలవాళ్లు, టాక్సీవాళ్లు, హోటల్ గదులు ఊడ్చే ఆడవాళ్లు కలిసి నెలకి పది డాలర్ల ఇద్దిర్ పెట్టుకున్నారు. బూర లేదు కాబట్టి ఫోను వరస రాశాం. ఒకరు ఇద్దరికి చెయ్యాలి, ఆ ఇద్దరు నలుగురికి. ఆ కాగితం నాలుగు జిరాక్సులు తీసి నాలుగు చోట్ల గోడకి అంటించాం.

మొదటి మీటింగ్ రెండు గంటలకన్నారు. నేను ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. సగంమంది పొద్దున ఎనిమిదింటికే వచ్చి, నాకోసం చూసి చూసి పనులకి వెళ్లిపోయారు. వాళ్ల గడియారం పొద్దుపొడుపుతో మొదలవుతుంది. మన ఏడు వాళ్ల ఒకటి. మన ఎనిమిది వాళ్ల రెండు. మా నాయనమ్మ కూడా పొద్దు పొడిచిందగ్గర్నుంచే జాములు లెక్కపెట్టేది కాబట్టి నాకు అది వింతగా అనిపించలేదు. మిస్సయినందుకు మాత్రం బాధేసింది. అప్పటినుంచి మినిట్స్ పుస్తకంలో టైము రెండు రకాలుగా రాశాను.

హాలు లేదు. ఇళ్లల్లోనే కూర్చునేవాళ్లం, ఒక్కో నెల ఒక్కొక్కరి అపార్ట్‌మెంట్. కాఫీ లేకుండా మీటింగ్ లేదు. గింజలు వేయించగానే స్మోక్ అలారం మోగేది. ఎవరో ఒకరు కుర్చీ ఎక్కి తడి టవలు దానికి చుట్టేవాళ్లు. రోట్లో గింజలు దంచుతుంటే కింది ఫ్లాటువాళ్లు చీపురు కర్రతో పైకప్పు పొడిచేవాళ్లు. నల్ల మట్టి కూజాలోంచి చెవుల్లేని చిన్న కప్పుల్లోకి సన్నటి ధారగా పోస్తారు. మూడు వాయిలు. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా, అంటే దీవెన. మూడోది తాగకుండా లేవకూడదు. తగాదాలన్నీ మొదటి వాయిలో, లెక్కలు రెండో వాయిలో, తీర్మానాలు మూడో వాయిలో జరిగేవి. పక్కన గిన్నెలో పేలాలు. బుధ, శుక్రవారాలు వాళ్లకి ఉపవాసం కాబట్టి ఆ రోజుల్లో మాంసం ఉండేది కాదు. శనగపిండితో చేసే షిరో, పులిసిన పిండితో పోసిన ఇంజెరా. అది పుల్లట్టుకి పెద్దక్కలా ఉండేది. పక్కనున్నావిడ ఒక ముద్ద చుట్టి నా నోట్లో పెట్టేసేది. అడగరు. కాదంటే బాధపడతారు. గోరుముద్దలు తిన్న ఇంటి నుంచి వచ్చినదాన్ని, కాదనలేదు.

* * *

సభ్యులు వందకి దగ్గరయ్యాక డబ్బాతో కుదరలేదు. బ్యాంకు ఖాతా కావాలన్నా సంఘం రిజిస్టర్ కావాలి. చర్చికి వచ్చే ఒక లాయరు డబ్బు తీసుకోకుండా కూర్చుని చెప్పాడు. సభ్యుల డబ్బు సభ్యుల చావులకే వాడితే అది ధర్మ సంస్థ కాదు, విరాళాలకి పన్ను మినహాయింపు రాదు. పిల్లలకి భాష నేర్పడం, కొత్తగా వచ్చినవాళ్లకి కాగితాలు నింపిపెట్టడం లాంటివి అందరికీ చేస్తే వస్తుంది. అంటే రెండూ వేరువేరుగా ఉండాలి.

ఇది అర్థం చేయించడానికి నాకు మూడు మీటింగులు పట్టింది. "చావు ధర్మం కాదా?" అని ఒక పెద్దావిడ అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. చివరికి గాషే రెండో డబ్బా తెచ్చి పక్కన పెట్టారు. ఒకటి ఇద్దిర్, ఒకటి సంఘం. ఇందులోంచి అందులోకి ఒక్క సెంటు కూడా పోకూడదు. అంతే, అందరికీ అర్థమైంది. నియమావళి ఇంగ్లిష్‌లో నేను రాస్తే, కోర్టు గుమాస్తాగారు వాళ్ల భాష అమ్హారిక్‌లోకి మార్చారు. ఆయన చేతిరాత ఎంత బాగుండేదంటే, టైపు చేయించాక కూడా చేతిరాత ప్రతినే ఫైల్లో పైన పెట్టుకున్నాం.

సంఘం పనులు అప్పుడు మొదలయ్యాయి. డ్రైవింగ్ పరీక్షకి చదివించడం, అద్దె కాగితాలు చదివిపెట్టడం, ఆస్పత్రికి తోడు వెళ్లడం. టాక్సీ పరీక్ష రాసేవాళ్లకి వాషింగ్టన్ జోన్ల మ్యాపు నేర్పడం ఒక పెద్ద పని. అప్పుడు మీటర్లు లేవు, ఏ జోన్ నుంచి ఏ జోన్‌కో చూసి ఛార్జీ. ఆ మ్యాపుని రంగు పెన్సిళ్లతో దిద్దిన అట్ట ఇంకా ఎవరింట్లోనో ఉండే ఉంటుంది. మీటర్లు 2008లో వచ్చాయి.

జులై నాలుగు దగ్గర పడితే ఊళ్లో సగంమంది ఉండేవాళ్లు కాదు. అమెరికాలోని ఇథియోపియన్లందరి ఫుట్‌బాల్ పోటీలు 1984 నుంచీ ఏటా ఒక్కో ఊళ్లో జరుగుతాయి. సరిగ్గా అదే సెలవులకి మనవాళ్లు తానా సభలకి పట్టుచీరలు సర్దుకునేవాళ్లు. గ్యారేజీలో డ్యూటీ షీటు వేయడం ఆ వారం నాకు పెద్ద టెన్షన్.

* * *

మా బాపు పోయిన కబురు అర్ధరాత్రి వచ్చింది. టికెట్టు దొరికి నేను చేరేసరికి మూడోనాడు పిట్టకు పెట్టడం కూడా అయిపోతుంది. అన్నయ్య ఫోనులో "రాకు, వచ్చినా ఏం లేదు" అన్నాడు. మా ఆయన పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నాడు. పొద్దున గ్యారేజీకి ఫోను చేసి రానని మాత్రం చెప్పాను.

పదింటికి తలుపు కొట్టారు. గాషే, వెనక పద్నాలుగుమంది. ఆడవాళ్లు తెల్లటి పల్చటి వస్త్రాలు కప్పుకుని ఉన్నారు. ఫోల్డింగ్ కుర్చీలు, గిన్నెలు, కాఫీ కూజా అన్నీ మోసుకొచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. బాపు ఫోటో ఎక్కడుందో అడిగి దాన్ని బల్ల మీద పెట్టారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ కూర్చున్నారు. ఒకావిడ నా వీపు మీద చెయ్యేసి "ఐజోష్, ఐజోష్" అంటూ ఉంది. ధైర్యంగా ఉండు అని. వాళ్లు బాపుని చూడలేదు, హనుమకొండ ఎక్కడుందో తెలీదు. మూడు రోజులూ డ్యూటీలు మార్చుకుని వంతులవారీగా వచ్చారు. పొయ్యి వెలిగించనివ్వలేదు. చావింట్లో పొయ్యి వెలగకూడదని మా ఇంట్లోనూ అంటారు, ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

నేను సభ్యురాలిని కాను, ఒక్క నెలా చందా కట్టలేదు, పుస్తకం రాసేదాన్నే కాబట్టి నాకంటే ఎవరికి బాగా తెలుసు. ఆ మాటే గాషేతో అన్నాను. "పుస్తకం రాయడమే నీ చందా" అన్నారు. తర్వాతి మీటింగులో మూడో వాయి కాఫీకి ముందు నా పేరు చెప్పి, అదే పుస్తకంలో నాచేతే రాయించారు. నా నంబరు 112.

* * *

అన్నీ ఇంత తిన్నగా సాగలేదు. 1993లో ఎరిట్రియా వేరే దేశమైంది. అప్పుడు గట్టిగా ఎవరూ ఏమీ అనలేదు. 1998లో సరిహద్దు దగ్గర యుద్ధం మొదలయ్యాక మా మీటింగుల్లో కప్పులు నిండి చల్లారిపోయేవి. ఏ జెండా కట్టాలి, పాత సింహం జెండానా, కొత్త నక్షత్రం జెండానా అనే గొడవ అంతకుముందే ఉంది. ఇప్పుడు ఎవరి పేర్లు పుస్తకంలో ఉండాలన్నదాకా వచ్చింది. ఒక యువకుడు లేచి ఎరిట్రియా కుటుంబాల పేర్లు కొట్టెయ్యమన్నాడు. పెన్ను నా చేతిలో ఉంది. నా చెయ్యి వణకడం నాకు తెలుస్తోంది. గాషే వచ్చి పుస్తకం మూసి, దానిమీద కూర్చున్నారు. నిజంగానే కూర్చున్నారు. మీటింగ్ అయ్యేదాకా లేవలేదు.

అయినా పన్నెండు కుటుంబాలు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయాయి. వాళ్ల వాటా లెక్కకట్టి చెక్కులు రాశాను. నా జీవితంలో రాసిన చెక్కుల్లో అవి రాసినంత కష్టం ఎప్పుడూ పడలేదు.

మరుసటి ఏడు వాళ్లలో ఒకరి తల్లి పోయింది. గాషే ఫోను వరస మొదలుపెట్టమన్నారు. వాళ్లు సభ్యులు కారు కదా అని ఎవరో అన్నారు. "పన్నెండేళ్ల బట్టీ మన కాఫీ తాగింది" అన్నారాయన. పదిమందిమి వెళ్లాం. తలుపు తియ్యలేదు. మార్చి చలి. మెట్ల మీద కూర్చున్నాం. గంటన్నరకి ఆ ఇంటి కోడలు ట్రేలో కాఫీ పెట్టుకుని బయటికి వచ్చింది. ఏం మాట్లాడలేదు. మూడు వాయిలూ మెట్ల మీదే పోసింది. ఆ పన్నెండు కుటుంబాల్లో నాలుగు తర్వాత తిరిగొచ్చాయి. మిగతావి రాలేదు.

* * *

వాళ్ల కొత్త సంవత్సరం సెప్టెంబర్ 11న, నాలుగేళ్లకోసారి 12న వస్తుంది. వానలు వెనకబట్టి కొండలమీద పసుపు పూలు విరిసే కాలం. ఆడపిల్లలు పూలు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ వెళతారు. నాకు తంగేడు, బతుకమ్మ కళ్లముందు కనపడేవి. ఆ రోజు నుంచి వాళ్ల లెక్క మనకి ఏడేళ్లు వెనక కాబట్టి 2001 సెప్టెంబర్ 11న వాళ్లకి 1994 మొదలైంది. ఆ రోజు సాయంత్రానికి హాలు మాట్లాడుకున్నాం. కోడికూర రాత్రే వండేశారు.

పొద్దున పెంటగాన్ మీద విమానం పడింది. ఆర్లింగ్టన్‌లో ఉండేవాళ్ల కిటికీల్లోంచి పొగ కనపడింది. ఫోన్లు కలవలేదు. మా ఫోను వరస ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు. కార్లలో తిరిగి ఒక్కొక్కరి తలుపూ కొట్టి, పుస్తకంలో పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాం. రాత్రి తొమ్మిదింటికి చివరి టిక్కు పడింది. వండిన కూర ఫైర్ స్టేషన్‌కి పంపేశాం.

నేషనల్ ఎయిర్‌పోర్టు అక్టోబర్ 4 దాకా తెరవలేదు. అక్కడి టాక్సీల మీద బతికేవాళ్లు మా సభ్యుల్లో మూడోవంతు. ఆ నెలా, తర్వాతి నెలా చందా లేదని తీర్మానం చేశాం. సంఘం డబ్బాలోంచి అద్దెలు కట్టాం. రెండు డబ్బాలు వేరుగా ఉండాలని లాయరు ఎందుకు అంత గట్టిగా చెప్పాడో అప్పుడు పూర్తిగా తెలిసింది. సంఘం డబ్బా అడుగు కనపడింది గానీ ఇద్దిర్ డబ్బా కదల్లేదు.

* * *

ఇప్పుడు హాలుంది. ఆదివారాలు పిల్లలకి అక్షరాలు నేర్పుతారు. వాళ్ల నోట లె, లు, లీ, లా వినపడితే నేను గుమ్మం దగ్గర ఆగిపోతాను. చందాలు ఫోనుల్లోనే పడతాయి, కబుర్లు వాట్సాప్‌లో క్షణంలో చేరతాయి. వాషింగ్టన్ నుంచి అడిస్ అబాబాకి విమానముంది, కాగితాలు ఎక్కడ ఏవి కావాలో ఫైల్లో వరసగా ఉన్నాయి. శవం పదకొండు రోజులు ఎదురుచూడటం ఆ తర్వాత ఎవరికీ జరగలేదు. గాషేని డెస్సీకి పంపడానికి పట్టింది నాలుగు రోజులు.

నలభయ్యో రోజున ఎర్ర డబ్బాని బల్లమీద ఆయన ఫోటో పక్కన పెట్టారు. మూత మీద చాకు గాటు తుప్పు పట్టింది. పక్కన పచ్చ లెడ్జరు. తెరిచి మొదటి పేజీ చూశాను. నా చేతిరాత అప్పుడు ఎంత గుండ్రంగా ఉండేదో. నాలుగో వరసలో 'ఒక సోదరుడు, 5 డాలర్లు', ఆరో వరసలో మళ్లీ 'ఒక సోదరుడు, 2 డాలర్లు'.

ఇప్పటి కోశాధికారి ఇక్కడే పుట్టిన అమ్మాయి, కోర్టు గుమాస్తాగారి మనవరాలు. మూడో వాయి పోస్తుండగా లేచి, వచ్చే ఆదివారం రెండు గంటలకి మీటింగ్ అని చెప్పింది.

గడ్డి మీద కూర్చుని కప్పులు సర్దుతున్న పెద్దావిడ తలెత్తి అడిగింది.

"ఏ రెండు గంటలు తల్లీ?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను పెన్ను తీసి కాగితం మీద రెండు రకాలుగానూ రాసిచ్చాను.